సుందరం అడిగిన ఐదో కాలమ్

ఉప్పుటేరు ఒడ్డున గరువుపాలెంలో, రొయ్యల చెరువుల నీళ్ళు పరీక్షించే కేంద్రంలో, దేన్నీ పేరు పెట్టి పిలిచే ఓపిక లేని హేమసుందరం అనే కంప్యూటరు ఉద్యోగి ఉండేవాడు. మొదటిది, రెండోది, చివర్నుంచి మూడోది. ఇదే అతని భాష. టీ కొట్టుకు వెళ్తే "ఆ మూడో సీసాలోవి రెండు ఇవ్వండి" అనేవాడు. కొట్టావిడ సీసాలు తుడిచి అటూ ఇటూ సర్దిన రోజున బిస్కెట్లకు బదులు కారప్పూస వచ్చేది. ఆ కారప్పూసే టీలో ముంచుకుని తినేవాడు గానీ, బిస్కెట్ అన్న మాట మాత్రం నోట్లోంచి వచ్చేది కాదు. నవ్వకండి. ఇలాంటివాళ్ళు మన ఇళ్ళల్లోనూ ఉంటారు, నాకు తెలుసు.

పనిలో మాత్రం సుందరం గట్టివాడు. వేళ్ళు చకచకా ఆడేవి. ఇంకొకరికి వారం పట్టే పని అతనికి ఒక పూట పట్టేది. ఆ సంగతి అతనికి కూడా బాగా తెలుసు, అదే వచ్చిన చిక్కు.

ఆ కేంద్రం కింద ఇరవై రెండు చెరువులు ఉండేవి. ఒక్కో చెరువులో ఒక్కో మీటరు వేలాడేది. పావుగంటకోసారి అది నీళ్ళ సంగతి కొలిచి కేంద్రానికి పంపేది. రొయ్యకు మేత ఒక పూట ఆలస్యమైనా ఫర్వాలేదు. నీళ్ళలో ఆక్సిజన్ మాత్రం తగ్గకూడదు. నాలుగుకు తగ్గితే దానికి ఊపిరాడదు. మూడుకు తగ్గితే పైకి తేలుతుంది. ఇంకా తగ్గితే, చూస్తుండగానే చెరువు చెరువంతా పోతుంది. నేను కళ్ళారా చూశాను, మళ్ళీ చూడాలని లేదు. అందుకే ఆక్సిజన్ నాలుగుకు తగ్గగానే ఆ చెరువు రైతు ఫోన్ మోగేలా ఒక ప్రోగ్రాం కావాలని కేంద్రం పెట్టిన విశ్వనాథరాజుగారు అడిగారు. సుందరం మధ్యాహ్నం భోజనానికి లేచేలోపు రాసేశాడు.

అతను ఎలా రాశాడో చెప్పాలంటే డేటాబేస్ గురించి రెండు ముక్కలు చెప్పాలి. భయపడకండి. గళ్ళు గీసిన పెద్ద పుస్తకం అనుకోండి. నిలువుగా ఉండేవి కాలమ్‌లు. ప్రతి కాలమ్‌కీ పైన ఒక పేరుంటుంది. ఈ పుస్తకంలో మొదట చెరువు పేరు, తర్వాత తేదీ, గంట, ఉప్పు, ఐదోది ఆక్సిజన్. అందులోంచి ఏం కావాలన్నా ఎస్‌క్యూఎల్ అనే భాషలో అడగాలి. "ఆక్సిజన్ ఎంతో చెప్పు" అని పేరు పెట్టి అడగొచ్చు. లేదంటే "ఉన్నవన్నీ తెచ్చి నా ముందు పెట్టు, అందులో ఐదోది నేను చూసుకుంటా" అనొచ్చు. మన సుందరం ఏ పద్ధతి పట్టుకున్నాడో మీకు వేరే చెప్పక్కర్లేదు.

కేంద్రంలో నీళ్ళు పరీక్షించే కమలకుమారిగారు ఉండేవారు. ఇరవై ఏళ్ళ అనుభవం ఆవిడది. సీసా మీద చీటీ లేకపోతే, తెచ్చింది ఎంత పెద్ద రైతైనా సరే, ఆ నీళ్ళు ముట్టుకునేవారు కాదు. ఆవిడకు ఎస్‌క్యూఎల్ రాదు. అయినా ఆ రోజు సుందరం వెనక నిలబడి తెర వైపు చూశారు.

"ఇందులో ఆక్సిజన్ అని ఎక్కడ రాశావు?" అన్నారు.

"రాయలేదండి. ఐదోది అంటే ఆక్సిజనే కదండీ."

"రేపు ఎవరైనా మధ్యలో ఇంకోటి దూరిస్తే?"

"ఎవరు దూరుస్తారండీ? ఇక్కడ డేటాబేస్ ముట్టుకునేది నేనొక్కణ్ణే."

"పేరు రాస్తే నీ సొమ్మేం పోయింది, సుందరం?"

"అన్నిటికీ పేర్లు రాస్తూ కూర్చుంటే తెల్లారుతుందండి."

ఆవిడ అక్కడితో వదిలేశారు. కంప్యూటర్ చదువుకున్నవాడు, తనకేం తెలుసు అనుకుని తన సీసాల దగ్గరికి వెళ్ళిపోయారు.

ప్రోగ్రాం బాగానే పనిచేసింది. రెండు నెలల్లో నాలుగుసార్లు ఫోన్లు మోగాయి. నాలుగుసార్లూ నిజంగానే ఆక్సిజన్ తగ్గింది, నాలుగుసార్లూ రైతులు పరిగెత్తుకెళ్ళి ఏరియేటర్లు వేశారు. ఏరియేటర్లంటే నీళ్ళను చిలికి గాలి కలిపే చక్రాలు. రాత్రిళ్ళు ఎలాగూ తిప్పుతారు, పగలు ఎండ ఉంటే కరెంటు ఖర్చెందుకని ఆపేస్తారు. ఊళ్ళో సుందరానికి మంచి పేరు వచ్చింది. అతణ్ణి అందరికంటే ఎక్కువగా నమ్మింది గంగారత్నం.

గంగారత్నం ఎకరంన్నర చెరువు కౌలుకు తీసుకుని ఒంటరిగా రొయ్యలు పెంచే మనిషి. కిందటి పంట తెల్లమచ్చ తెగులుకు పోయింది. ఈ పంట కూడా పోతే చెరువు ఇంకొకరికి ఇచ్చేస్తానని ఆసామి ముందే చెప్పేశాడు. అప్పుడు ఆవిడ మళ్ళీ రొయ్యలు వలిచే షెడ్డుకు పోవాలి. పదమూడేళ్ళు ఐసునీళ్ళలో చేతులు పెట్టి వలిచి వలిచి, గోళ్ళు ఊడి, ఇక చాలనుకుని బయటపడ్డ మనిషి. అందుకని చెరువులో రొయ్యపిల్ల వేసిన రోజు నుంచీ గట్టు మీదే ఉండేది. అక్కడే వంట, అక్కడే నిద్ర.

"అలా కాపలా కూర్చోనక్కర్లేదండి," అని సుందరమే ఆవిడకు చెప్పాడు. "ఫోన్ మోగలేదంటే చెరువు బాగున్నట్టే. పగలు హాయిగా ఇంటికెళ్ళి అన్నం తినండి."

"నిజంగానా బాబూ?"

"నాదీ పూచీ."

ఆవిడ నమ్మింది. మధ్యాహ్నాలు ఇంటికి వెళ్ళడం మొదలుపెట్టింది.

వానలు మొదలయ్యాక విశ్వనాథరాజుగారు కొత్త మీటర్లు తెప్పించారు. ఇవి నీళ్ళ వేడి కూడా కొలుస్తాయి. బిగించడానికి వచ్చిన మనిషి డేటాబేస్‌లో వేడి కోసం ఒక కొత్త కాలమ్ చేర్చాడు. ఉప్పు పక్కన పెడితే చూడ్డానికి బాగుంటుందనిపించింది, అక్కడ పెట్టాడు. వెళ్ళేముందు సుందరానికి చెప్పి మరీ వెళ్ళాడు. "పాతవేవీ తీసెయ్యలేదండి, ఒకటి కొత్తగా కలిపానంతే. మీ ప్రోగ్రాం ఒకసారి చూసుకోండి."

"దానికేం కాదులెండి," అన్నాడు సుందరం. తెర మీద ఎర్రగీత ఏమీ రాలేదు. ప్రోగ్రాం ఆగలేదు, మొరాయించలేదు. ఇంక చూడ్డానికేముంది అనుకున్నాడు.

ఇప్పుడు ఐదో కాలమ్‌లో ఉన్నది వేడి. ఆక్సిజన్ జరిగి ఆరోది అయింది. ప్రోగ్రాం పాపం చెప్పినట్టే చేస్తోంది. పావుగంటకోసారి వెళ్ళి ఐదోది చూస్తోంది. అక్కడ ఇరవై ఎనిమిదో, ఇరవై తొమ్మిదో ఉంటోంది. నాలుగుకు తగ్గలేదు కదా అని వెనక్కి వస్తోంది. చెరువులో నీళ్ళు గడ్డకడితే తప్ప ఇక ఆ ఫోన్ మోగదు. ఈ సంగతి ఎవరికీ తెలియదు. తప్పు కూడా ఒప్పులాగే నోరు మూసుకుని కూర్చుంటే ఎలా తెలుస్తుంది? పదకొండు రోజులు ఒక్క ఫోనూ మోగలేదు. ఈసారి నీళ్ళు భలే ఉన్నాయండి అని రైతులు సంబరపడ్డారు.

పన్నెండో రోజు గురువారం. అప్పటికి మూడు రోజులుగా ముసురు. ఎండ మొహం లేదు, గాలి లేదు. రొయ్యల చెరువుకు ఇంతకంటే చెడ్డ వాతావరణం లేదు. ఎండ లేకపోతే నీళ్ళలో ఉండే నాచుకు ఆక్సిజన్ తయారుచేసే శక్తి పోతుంది. పైగా అదే ఉన్న ఆక్సిజన్ని తాగేస్తుంది. గంగారత్నానికి ఆ సంగతి తెలుసు. పొద్దున్నుంచీ ఫోన్ చూసుకుంటూనే ఉంది. మోగలేదు. ఇంకో పదిరోజుల్లో పట్టుబడి, అంటే రొయ్యలు పట్టి అమ్మే రోజు. కరెంటు అస్తమానం పోతోంది, జనరేటరుకు డీజిలు ఎందుకు తగలెయ్యడం అనుకుని, చక్రాలు తిప్పకుండానే మధ్యాహ్నం ఒంటిగంటకు ఇంటికి వెళ్ళి పొయ్యి వెలిగించింది.

అదే సమయానికి కేంద్రంలో కమలకుమారిగారు రోజూ తీసే కాగితం తీసుకున్నారు. చెరువులన్నిటి లెక్కలూ అచ్చు వేసే కాగితం అది. దాని ప్రోగ్రాం సుందరం రాసింది కాదు. అతనికంటే ముందు పనిచేసిన తబిత అనే అమ్మాయి రాసింది. ఆ అమ్మాయి ప్రతి కాలమ్‌నూ పేరు పెట్టి అడిగింది. అందుకని కాలమ్‌లు అటు జరిగినా ఇటు జరిగినా ఆ కాగితంలో ఆక్సిజన్ అన్న పేరు కింద ఆక్సిజనే వచ్చేది.

కమలకుమారిగారు అలవాటు ప్రకారం వేలు పెట్టి చదువుకుంటూ వచ్చారు. గంగారత్నం చెరువు దగ్గర వేలు ఆగిపోయింది. ఆక్సిజన్, రెండు పాయింట్ తొమ్మిది.

"సుందరం, గంగారత్నానికి ఫోన్ మోగిందా?"

"మోగే ఉంటుందండి."

"ఉంటుందా, మోగిందా?"

సుందరం చూశాడు. మోగలేదు. ఆవిడ అతని జవాబు కోసం ఆగలేదు. అప్పటికే గంగారత్నానికి ఫోన్ కలిపారు.

"చెరువు దగ్గరున్నావా?"

"లేదమ్మా, ఇంట్లో ఉన్నా. ఫోన్ మోగలేదు కదా అని వచ్చేశా. ఏవైంది?"

"పొయ్యి ఆపి పరిగెత్తు. ఆక్సిజన్ మూడుకు తగ్గిపోయింది."

ఫోన్ అవతల ఏదో గిన్నె కిందపడ్డ చప్పుడు వినిపించింది. 

సుందరం డేటాబేస్ తెరిచాడు. ఒక్క చూపు చాలింది. ఐదో కాలమ్ మీద వేడి అని పేరు రాసి ఉంది. పన్నెండు రోజుల నుంచీ రాసే ఉంది.  నాదీ పూచీ అన్న మాట తన గొంతుతోనే చెవిలో వినపడింది.

"మేడమ్, ఒక్క చెరువు కాదు. ఇరవై రెండిటికీ మోగడం లేదు," అన్నాడు.

మీరైతే ఏం చేసేవారో గానీ, కమలకుమారిగారు తిట్టడానికి కూడా సమయం దండగ చెయ్యలేదు. "కాగితం నా దగ్గరుంది. తగ్గినవాళ్ళందరికీ నేను ఫోన్ చేస్తా. నువ్వు ఆ మూల ఉన్న ఆక్సిజన్ పొడి సంచి బండి మీద వేసుకుని గంగారత్నం దగ్గరికి పో. పేరు చూసి తీసుకెళ్ళు, పక్కనున్నది సున్నం," అన్నారు.

సుందరం సంచి మీది పేరు రెండుసార్లు చదివాడు. జారే గట్ల మీద బండి ఎలా నడిపాడో అతనికే తెలియదు.

అతను వెళ్ళేసరికి గంగారత్నం మోకాళ్ళదాకా బురదతో జనరేటరు తాడు లాగుతోంది. కరెంటు లేదు. గట్టు వెంబడి రొయ్యలు వేలకు వేలు పైకొచ్చి మీసాలు బయటపెట్టి తిరుగుతున్నాయి. కొన్ని అప్పటికే తిరగబడ్డాయి. సుందరం కూడా తాడు పట్టుకున్నాడు. నాలుగోసారి లాగేసరికి జనరేటరు అందుకుంది. చక్రాలు తిరిగాయి, నీళ్ళు తెల్లగా ఎగిరాయి. ఇద్దరూ చెరో పక్కనుంచి గట్టు చుట్టూ తిరుగుతూ పొడి చల్లారు. 

గంట గడిచింది. మీసాలు ఒక్కొక్కటే నీళ్ళ కిందికి పోయాయి. మీటరు నాలుగున్నర చూపించింది. రెండు గంపల రొయ్యలు పోయాయి. మిగతా చెరువంతా బతికింది. గంగారత్నం గట్టు మీద కూలబడి కొంగుతో మొహం తుడుచుకుంది. ఏడుపు అప్పుడు వచ్చింది ఆవిడకు.

"కొత్త మీటరు చెడిపోయిందా బాబూ?" అని అడిగింది కాసేపటికి.

అవునంటే సరిపోయేది. మీటర్లు బిగించిన మనిషి ఊళ్ళో లేడు. కాలమ్ దూర్చిందీ అతనే. ఎవరూ పట్టించుకోరు, ఎవరికీ అర్థం కాదు. సుందరం నాలుక చివరిదాకా ఆ మాట వచ్చింది. కానీ ఆ బురద చేతులు చూశాక అబద్ధం పెగల్లేదు.

"మీటరు బాగానే ఉందండి. తప్పు నాది. మీ చెరువులో ఆక్సిజన్ ఎంతుందో చూడమని ప్రోగ్రాంకు చెప్పాలి. నేను ఐదో కాలమ్ చూడమని చెప్పాను. ఆ చోట్లోకి వేరేది వచ్చింది. పన్నెండు రోజుల నుంచీ వేడి చూసుకుని అదే ఆక్సిజన్ అనుకుంటోంది. చూసుకోమని చెప్పినా చూసుకోలేదు."

గంగారత్నం అతని వైపు తిరిగింది.

"పేరు రాయకుండా ఎందుకు వదిలేశావు?"

"బద్ధకమండి."

"నీ బద్ధకానికి నేను మళ్ళీ ఐసునీళ్ళలో చేతులు పెట్టేదాన్ని," అంది. గొంతు పెంచలేదు. ఆ మాటకు సుందరానికి తల కొట్టేసినట్టయింది. ఆవిడే మళ్ళీ, "మీటరు మీదికి తొయ్యకుండా చెప్పావు. అది నేను మర్చిపోను. పో, ముందు మిగతావాళ్ళది బాగుచెయ్యి," అంది.

సుందరం తిరిగి వచ్చేసరికి కమలకుమారిగారు తొమ్మిదిమందికి ఫోన్లు చేసి గొంతు పోగొట్టుకుని కూర్చున్నారు. చెరువులన్నీ దక్కాయి. సుందరం బట్టలు కూడా మార్చుకోకుండా కూర్చున్నాడు. ఐదు అన్న అంకె తీసేసి, ఆక్సిజన్ అని రాశాడు. తర్వాత తను రాసిన ప్రోగ్రాంలన్నీ తీశాడు. మూడోది అన్నచోటల్లా, ఆఖరిది అన్నచోటల్లా పేరు రాశాడు. చెరువుల్ని కూడా ఎనిమిదో వరస, తొమ్మిదో వరస అని పిలిచేవాడు. వాటికీ పేర్లు రాశాడు. తెల్లారుతుందని భయపడ్డ పని సాయంత్రం ఆరింటికల్లా అయిపోయింది. చూశారా, ఇంతోటి పనికా అంత బద్ధకం?

"మేడమ్, మీరు ఆ రోజే చెప్పారు," అన్నాడు లేచి నిలబడి. "ఇవాళ మీరు లేకపోతే..."

"నేనూ ఒక్కసారి చెప్పి ఊరుకున్నాను. ఇంకోసారి చెప్పాల్సింది," అన్నారావిడ. "అయినా నాకెందుకు దణ్ణాలు? కాగితం చూసే కదా నాకు తెలిసింది. ఆ కాగితం రాసింది తబిత."

సుందరానికి తబిత ఎవరో తెలియదు. నంబరు తీసుకుని మర్నాడు ఫోన్ చేశాడు. ఆ అమ్మాయి ఇప్పుడు విజయవాడలో ఉంటోంది. చంటిపిల్లను జో కొడుతూ విన్నది.

"నాకు అసలు గుర్తే లేదండి, ఎప్పుడో రాశా," అంది. "నా తర్వాత వచ్చేవాళ్ళకు తెలియాలి కదా అని పేర్లు రాసుంటాను."

"తెలిసిందండి," అన్నాడు సుందరం. "మీరెవరో తెలియని ఒకావిడ చెరువు మీ వల్ల బతికింది. ఆవిడ తరఫున చెప్తున్నా, నా తరఫున కూడా."   

పదిరోజులకు గంగారత్నం చెరువు పట్టుబడి అయింది. రొయ్య బాగా పెరిగింది. ఆసామి చెరువు ఆవిడకే మళ్ళీ ఇచ్చాడు. ఆ మర్నాడు ఆవిడ క్యారేజీ నిండా రొయ్యల ఇగురు పట్టుకుని కేంద్రానికి వచ్చింది. కమలకుమారిగారికి వడ్డించింది, రాజుగారికి వడ్డించింది. సుందరం దగ్గరికొచ్చి ఆగింది.

"మా చెరువు సంగతి ఎలా అడుగుతావో నాకోసారి చూపించు బాబూ."

సుందరం తెర మీద ఆ వరస చూపించాడు. ఆవిడ వంగి, కూడబలుక్కుంటూ చదివింది. గంగారత్నం చెరువు. ఆక్సిజన్.

"ఇదే పావుగంటకోసారి అడుగుతుందా?"

"అడుగుతుందండి."

"నా పేరు పెట్టే?"

"మీ పేరు పెట్టే."

ఆవిడ కళ్ళు తుడుచుకుని, అతనికి గరిటెడు ఇగురు ఎక్కువ వేసింది.

నీతి: మీకు కావలసినదాన్ని ఎన్నోదో లెక్కపెట్టి కాదు, దాని పేరు పెట్టి అడగండి, వస్తువు చోటు మనం గమనించకుండానే మారిపోతుంది, ఆ పొరపాటుకు నష్టపోయేది మనల్ని నమ్మినవాళ్ళు.